ఊరూరి కైఫియత్తు మళ్ళీ రాయాలి

నంద్యాల జిల్లా బనగానపల్లె ప్రాంతంలో జుర్రేరు లోయ ఉంది. అక్కడి జ్వాలాపురం పొలాల్లో కొంత లోతుకు తవ్వితే తెల్లటి బూడిద బయటపడుతుంది. పిండిలా మెత్తగా ఉంటుంది. కొన్నిచోట్ల ఆ పొర మందం రెండు మీటర్లు దాటింది. గిన్నెలు తోమే పొడుల్లో వాడటానికి దాన్ని తవ్వి అమ్ముకున్నారు కూడా. ఆ బూడిద పుట్టింది మాత్రం రాయలసీమలో కాదు. సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగసి, బంగాళాఖాతం దాటి రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ఎగిరొచ్చి ఇక్కడ రాలింది. చుట్టుపక్కల మిట్టల మీద పడిందంతా వానలకు కొట్టుకొచ్చి లోయలో పేరుకుపోయింది.

అంతకన్నా పెద్ద విశేషం ఆ బూడిద పొరకు కిందా పైనా దొరికిన రాతి పనిముట్లు. పురావస్తు శాస్త్రవేత్తలు మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడ్‌లోని కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్ తమ బృందంతో ఇక్కడ తవ్వకాలు జరిపి, 2007లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు ప్రకటించారు. బూడిద పడకముందు ఎలాంటి పనిముట్లు చేసుకున్నారో, పడ్డాక కూడా దాదాపు అలాంటివే చేసుకున్నారు. భూగోళం మొత్తాన్ని కుదిపిన ఆ ఉత్పాతాన్ని ఇక్కడి మనుషులు తట్టుకుని నిలబడ్డారని ఆ పరిశోధకుల వాదన. వాళ్ళు మనలాంటి మనుషులేనా, అంతకు ముందటి జాతివాళ్ళా అన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది. మానవజాతి చరిత్రలోని అతి పెద్ద ప్రశ్నల్లో ఒకదానికి సాక్ష్యం మన మామిడి తోటల పక్కన ఉంది.

ఆ జిల్లాలో పదో తరగతి చదివే పిల్లల్లో ఎందరికి ఈ సంగతి తెలుసు?

ఆంధ్రప్రదేశ్ అనగానే బయటివాళ్ళకు తిరుపతి గుర్తొస్తుంది, సినిమా గుర్తొస్తుంది, ఆవకాయ గుర్తొస్తుంది. వాటిని గుర్తు పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. బాధ కలిగించేది వేరే ఉంది. మన పిల్లలకు కూడా మన రాష్ట్రం గురించి అంతకు మించి తెలియడం లేదు. పాఠ్యపుస్తకంలో శాతవాహనులు ఉంటారు, విజయనగర రాజులు ఉంటారు. పొలిమేరలో ఉన్న బండరాయి మీద ఏం రాసి ఉందో ఉండదు. ప్రతి ఊరి చరిత్రనూ ఆ ఊళ్ళోనే కూర్చుని, తెలుగులో, ఆధారాలతో రాసుకునే పని మళ్ళీ మొదలుకావాలి.

మళ్ళీ అనడానికి కారణముంది. ఈ పని ఒకసారి జరిగింది. దేశానికి తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి 1821లో చనిపోయేదాకా దక్షిణాదిలో ఊరూరి వృత్తాంతాలు సేకరింపజేశాడు. పేరు ఆయనది, కాళ్ళరిగేలా తిరిగింది ఏలూరుకు చెందిన కావలి సోదరులు, వారి కింద పనిచేసిన తెలుగు, తమిళ, కన్నడ, మరాఠీ సహాయకులు. వారిలో కావలి వెంకట బొర్రయ్య 1803లో, ముప్పై ఏళ్ళయినా నిండకుండానే కన్నుమూశాడు. ఆయన పనిని తమ్ముడు లక్ష్మయ్య అందుకున్నాడు. మరో సోదరుడు రామస్వామి 1829లో దక్కను కవుల జీవితాల మీద ఇంగ్లీషులో పుస్తకమే అచ్చువేశాడు. వీళ్ళు ఊరి కరణాల దగ్గర కూర్చుని దండకవిలెలు, అంటే ఊరి లెక్కలూ వృత్తాంతాలూ రాసిన పుస్తకాలు, చదివించుకున్నారు, శాసనాలకు నకళ్ళు తీశారు, గుడి పూజారులను, పెద్దలను అడిగి రాసుకున్నారు. కొత్త పన్నులు వేయడానికే వచ్చారేమోనని చాలాచోట్ల జనం జంకేవారు. అయినా నచ్చజెప్పి రాబట్టారు. అలా తయారైనవే కైఫియత్తులు. ఊరు ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ కరువులో జనం ఎటు వెళ్ళిపోయారు, మాన్యాలు ఎవరివి... ఇలాంటివన్నీ వాటిలో ఉంటాయి. చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో వీటి రాతప్రతులున్నాయి. కడప జిల్లావి కొన్ని సంపుటాలుగా అచ్చయ్యాయి.

ఆ తర్వాత జిల్లా మాన్యువళ్ళ కాలం వచ్చింది. చాలావాటిని దొరలే రాశారు. కర్నూలు జిల్లా మాన్యువల్ మాత్రం 1886లో నరహరి గోపాలకృష్ణమ చెట్టి రాశాడు. తెలుగువాడు రాసిన ఆ పుస్తకం పేరు కూడా ఇప్పుడు చరిత్ర విద్యార్థులకు తప్ప ఎవరికీ తెలియదు.

1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. ఆ వ్యవస్థలో పెత్తనం, అన్యాయం ఎంత ఉన్నాయో పల్లెల్లో పెరిగినవారికి చెప్పనక్కర్లేదు. రద్దు చేయడం సరైన పనే. కానీ దాంతోపాటు ఊరి లెక్కనూ ఊరి కథనూ ఒకచోట ఉంచే మనిషి లేకుండా పోయాడు. ఆ ఖాళీని ఇప్పటిదాకా ఎవరూ పూడ్చలేదు. ఇంతలో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత గెజిటీర్లలో కర్నూలు కింద వెతకాల్సిన బెలూం గుహలు ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్నాయి. గుంటూరు కింద వెతకాల్సిన భట్టిప్రోలు స్తూపం బాపట్ల జిల్లాకు పోయింది. కొత్త జిల్లాలకు కలెక్టరేట్లు వచ్చాయి. వాటి చరిత్ర పుస్తకాలు కూడా రావాలి.

అలాంటి పుస్తకాల్లోకి ఏమేం రావచ్చో ఒకసారి రాష్ట్రం చుట్టి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

తిరుమల ఘాట్ రోడ్డు మీద రోజూ వేలాదిమంది వెళ్తుంటారు. ఒక మలుపులో కొండ కోతకు గురైన చోట రెండు రకాల రాళ్ళు ఒకదాని మీద ఒకటి స్పష్టంగా కనిపిస్తాయి. కింద ఉన్నది పురాతనమైన గ్రానైటు, పైన పొరలు పొరలుగా ఉన్నది నగరి క్వార్ట్‌జైటు. ఆ రెంటికీ నడుమ ఉన్న గీత దగ్గర దాదాపు 80 కోట్ల సంవత్సరాల కాలం కనిపించకుండా పోయింది. ఆ మధ్యకాలంలో నేల అరిగిపోతూ ఉంది గాని పొరలు పేరుకోలేదు. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని ఎపార్కియన్ అన్‌కన్‌ఫర్మిటీ అంటారు. జాతీయ భూగర్భ వారసత్వ స్థలాల్లో అది ఒకటి. గోవిందనామం చెప్పుకుంటూ వెళ్ళే భక్తుడు బస్సు కిటికీలోంచి ఆ గీతను చూసి, అదేమిటో తెలుసుకుంటే ఆ కొండ మీద గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు.

కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో, జొన్నగిరికి దగ్గర్లోని ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ, చిన్న శాసనాలూ ఒకేచోట ఉండటమే అరుదు. చిన్న శాసనంలో మరో వింత ఉంది. కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కారు. బ్రాహ్మీ లిపి చదవడం నేర్చిన పండితులను కూడా అది తికమకపెట్టింది. తొలకరి పడగానే ఈ చుట్టుపక్కల పొలాల్లోకి జనం వజ్రాల కోసం వస్తారన్న వార్త ప్రతి జూన్‌లోనూ పత్రికల్లో కనిపిస్తుంది. అదే నేలలో రెండు వేల రెండు వందల ఏళ్ళకు పైబడిన రాత ఉందన్న వార్త కనిపించదు.

కలివికోడి కథ కాస్త నెమ్మదిగా చెప్పుకోవాలి. జెర్డన్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1848లో తొలిసారి లోకానికి చూపించిన పిట్ట ఇది. 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే పరిశోధకుడు దీన్ని వెతుకుతూ కడప జిల్లా పల్లెల్లో బొమ్మలు పట్టుకుని తిరిగాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర, రాత్రిపూట టార్చి వెలుగులో ఒక స్థానిక వేటగాడి చేతికి కలివికోడి చిక్కింది. విశ్వవిద్యాలయాల గ్రంథాలయాల్లో దొరకని పక్షి జాడ అడవి అంచున బతికే మనిషికి తెలుసు. 1988లో లంకమల ప్రాంతాన్ని దీని కోసం అభయారణ్యంగా ప్రకటించారు, అదే ఏడాది తపాలా బిళ్ళ కూడా విడుదలైంది.

ఈ పిట్టకు దట్టమైన అడవి పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. పలుచగా ముళ్ళపొదలు, వాటి మధ్య నడవడానికి ఖాళీ ఉండాలి. అంటే గొర్రెలు, మేకలు కొంత మేయాలి, మరీ ఎక్కువ మేయకూడదు. పగలు కనిపించదు, రాత్రి పురుగులు ఏరుకుని తింటుంది. కాబట్టి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లవారాక వచ్చి వాటి మీద పడిన కాలిముద్రలు చూసేవారు. మూడు వేళ్ళ ముద్రలు ఏ పిట్టవో పోల్చుకునేవారు. కెమెరాలు కట్టారు, కూతను రికార్డు చేసి వినిపించి బదులు కోసం చెవొగ్గారు. తెలుగుగంగ కాలువ ఈ పిట్ట తిరిగే చోటు మీదుగా తవ్వబోతే ఆపి, దారి మళ్ళించారు. రాయలసీమకు నీళ్ళు ఎంత ముఖ్యమో అందరికీ తెలుసు. అలాంటి చోట ఒక పిట్ట కోసం కాలువ పక్కకు జరిగిందంటే అది ఆ ప్రాంతం గర్వపడాల్సిన సంగతి. బద్వేలు, సిద్ధవటం బడుల గోడల మీద కలివికోడి బొమ్మ ఉండాలి.

సముద్రం వైపు వెళ్దాం. ఆంధ్రప్రదేశ్ తీరం పొడవు 974 కిలోమీటర్లని తరతరాలుగా బట్టీ పట్టాం. కేంద్రం ఇటీవల మరింత సూక్ష్మమైన పటాలతో కొలిపిస్తే అది 1,053 కిలోమీటర్లకు పైగా తేలింది. నేల పెరగలేదు. వంకలు, మలుపులు ముందుకన్నా వివరంగా లెక్కలోకి వచ్చాయి. తమిళనాడు తీరం కూడా అలాగే పెరగడంతో, గుజరాత్ తర్వాత రెండో స్థానం మనదన్న పాత జవాబు ఇప్పుడు తప్పయింది. పోటీపరీక్షల పుస్తకాలు ఈ మార్పును అందుకోవాలి.

ఆ తీరం వెంబడే దుగరాజపట్నం ఉంది. ఇంగ్లీషువాళ్ళు 1626 ప్రాంతంలో ఇక్కడ కోట లాంటి వర్తక స్థావరం కట్టుకుని దాన్ని ఆర్మగాన్ అని పిలిచారు. చెన్నపట్నానికి పునాది పడింది 1639లో. ఆ పట్నం స్థలాన్ని దామెర్ల నాయకుల నుంచి సంపాదించిన ఫ్రాన్సిస్ డే అంతకుముందు ఈ దుగరాజపట్నంలోనే అధికారి. మహానగరం కథ ఒక చిన్న తెలుగు రేవులోంచి మొదలైందంటే అతిశయోక్తి కాదు.

ఉత్తరాన కోరంగి. ఇప్పుడు మడ అడవుల్లో పడవ షికారుకు వెళ్ళే చోటు. ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన వచ్చి దాన్ని ముంచేసింది. అయినా ఈ తీరం నుంచి రంగూన్‌కు కూలీల వలస ఆగలేదు. అక్కడి రేవుల్లో బస్తాలు మోసిన తెలుగువాళ్ళందరినీ కోరంగీలనే పిలిచేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో వాళ్ళ మీద జరిగిన దాడుల్లో ఎంతోమంది ప్రాణాలు పోయాయి. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల్లో రంగూన్ వెళ్ళొచ్చిన తాత ముత్తాతల కథ లేని ఊరు అరుదు. ఆ కథలు ఇళ్ళల్లోనే ఉన్నాయి, పుస్తకాల్లోకి రాలేదు.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. రెండో ప్రపంచ యుద్ధం మన వాకిట్లోకి వచ్చిన రోజది. జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్ళకు పరుగులు తీశారు. ఆ రోజును కళ్ళారా చూసినవారు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది కూడా ఉండకపోవచ్చు.

తీరం వెంటే సాగే బకింగ్‌హామ్ కాలువ గురించి ఒక్క మాట. 1876-78 నాటి ధాత కరువులో కూలి పని కల్పించడానికి దీన్ని ఉత్తరానికి పొడిగించి, పెదగంజాం దగ్గర కృష్ణా డెల్టా కాలువలతో కలిపారు. కాకినాడ నుంచి చెన్నపట్నందాకా పడవల్లో బియ్యం, ఉప్పు, సరుగుడు కట్టెలు వెళ్ళేవి. ఆకలితో ఉన్నవాళ్ళు తవ్విన ఆ కాలువ, 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు చాలాచోట్ల అలల ఉధృతిని తనలోకి తీసుకుని అవతలి ఊళ్ళను కాపాడిందని శాస్త్రవేత్తలు రాశారు. దాన్ని పూడ్చేసి ఆక్రమించుకుంటున్న చోట్ల ఈ సంగతి పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి.

మదనపల్లె వాళ్ళకు తెలిసినా, మిగతా రాష్ట్రం మరిచిపోయిన ముచ్చట ఒకటుంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి థియోసాఫికల్ కళాశాలలో కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకున్నాడు. కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. 'జనగణమన'ను ఠాగూర్ అక్కడే ఇంగ్లీషులోకి అనువదించాడు. ప్రిన్సిపాల్ భార్య, సంగీతం చదువుకున్న మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరాలు రాసిపెట్టింది. దేశమంతా లేచి నిలబడి పాడే పాట ఒక రాయలసీమ ఊళ్ళో స్వరాలుగా కాగితం మీదికెక్కింది.

కళల సంగతికొస్తే సురభి నాటక సమాజాన్ని తలచుకోకుండా ఉండలేం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కుటుంబం 'కీచకవధ' నాటకం ఆడటంతో ఆ సమాజం మొదలైంది. వాళ్ళ పూర్వీకులు మహారాష్ట్ర వైపు నుంచి వచ్చి తోలుబొమ్మలాట ఆడుతూ బతికినవాళ్ళు. బొమ్మల వెనక నిలబడి పాడిన గొంతులే తెర ముందుకొచ్చాయి. ఆడవేషం మగవాళ్ళు కట్టే రోజుల్లో సురభి ఆడవాళ్ళు తమ ఇంటి మగవాళ్ళ పక్కన రంగస్థలం ఎక్కారు. తెలుగు నాటకానికి ఇంత చేసినవాళ్ళ ఇంటిభాష మరాఠీ. రాష్ట్రం అంటే ఒకే భాష, ఒకే మూలం అనుకునేవారు ఈ ఒక్క కుటుంబం కథ చదివినా చాలు.

పొందూరు పేరు ఖద్దరు కట్టేవారికి కొత్త కాదు. ఆ నూలు ఎలా తయారవుతుందో చూసినవారు మాత్రం తక్కువ. శ్రీకాకుళం జిల్లాలోని ఈ ఊళ్ళో దూదిని శుభ్రం చేసేది చేప దవడతో. వాలుగ చేప దవడను ఎండబెట్టి, ముక్కగా చేసి, పట్టుకోవడానికి వీలుగా చిన్న పుల్లకు కడతారు. దవడ నిండా సన్నటి పళ్ళు వందల సంఖ్యలో, పక్కపక్కనే కిక్కిరిసి ఉంటాయి. పత్తి గింజ చుట్టూ అంటుకుని ఉన్న దూదిని ఆ పళ్ళతో మెల్లగా దువ్వుతారు. ఆకు ముక్కలు, నలుసులు, పొట్టి పోగులు రాలిపోతాయి. నిడుపాటి పోగులు ఒకే వైపుకు తిరిగి పట్టులా మెరుస్తాయి. తర్వాత గింజ తీసి, విల్లుతో ఏకి, ఏకులు చుట్టి, అవి చెదరకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని రాట్నం మీద వడుకుతారు. ఏ యంత్రమూ ఆ దవడ చేసే పనిని అంత మృదువుగా చేయలేకపోయింది. దవడలు గోదావరి వైపు నుంచి తెప్పించుకుంటారు. అంటే ఒక నది చేప, ఒక మెట్టనేల పత్తి, ఒక తోట అరటి కలిస్తే ఒక పంచె తయారవుతుంది. గాంధీ ఈ నూలు సంగతి విని, తెలుసుకుని రమ్మని కొడుకు దేవదాసును పంపించాడు. వడికేవాళ్ళంతా ఆడవాళ్ళే, ఎక్కువమంది వయసు మళ్ళినవాళ్ళు. రోజంతా కూర్చున్నా చేతికొచ్చే కూలి చాలా తక్కువ. అందుకే వాళ్ళ కూతుళ్ళు రాట్నం ముట్టుకోవడం లేదు. ఈ విద్యను మెచ్చుకునే ప్రతి వ్యాసంలోనూ ఆ కూలి మాట కూడా రావాలి.

ఇవన్నీ అంతర్జాలంలో దొరుకుతాయి కదా, మళ్ళీ రాయడమెందుకని అడిగేవారుంటారు. దొరుకుతాయి, కానీ నిజమూ కల్పనా కలగలిసి దొరుకుతాయి. చిన్న చిన్న వీడియోల్లో ప్రతి గుడీ ప్రపంచంలోనే పెద్దది, ప్రతి రాయీ శాస్త్రవేత్తలకే అంతుచిక్కనిది. కోహినూరు వజ్రం సంగతే చూడండి. అది పల్నాటి కొల్లూరు గనిలో దొరికిందని అందరం గట్టిగా చెబుతాం. సంప్రదాయంగా అలా చెప్పుకుంటున్నారు గాని, ఫలానా రోజున ఫలానా గనిలో దొరికిందన్న రాతపూర్వక ఆధారం లేదు. మరోవైపు గట్టి ఆధారమున్న సంగతిని పట్టించుకోం. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ కొల్లూరు వచ్చి, అక్కడ అరవై వేలమంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వేవారు, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోసేవారు. బ్రెజిల్‌లో గనులు బయటపడేదాకా ప్రపంచపు వజ్రాల్లో చాలాభాగం మన నేలవే. ఆ అరవై వేలమంది ఎవరు, ఏ ఊళ్ళవాళ్ళు, ఏం తిన్నారు, ఎంత కూలి తీసుకున్నారు? ఆ వజ్రం వెనక్కి రావాలని ఆవేశపడేంతగా ఈ ప్రశ్నల గురించి ఎవరూ ఆవేశపడటం లేదు. కొల్లూరు ఊరు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది.

కాబట్టి కొత్త కైఫియత్తుకు మొదటి నియమం ఇది కావాలి: ఏ మాట ఎవరు చెప్పారో, ఏ రాతలో ఉందో, ఏది కేవలం నమ్మకమో విడివిడిగా రాయాలి. నమ్మకాన్ని తీసేయనక్కర్లేదు, నమ్మకమని చెబితే చాలు. కావలి సోదరుల కాలానికి లేని సౌకర్యాలు ఇప్పుడు మన చేతిలో ఉన్నాయి. ఫోనుతో ముసలమ్మ గొంతు రికార్డు చేయవచ్చు, శాసనానికి సుద్ద పూయకుండా, ముగ్గుపిండి రుద్దకుండా పక్కవెలుతురులో ఫొటో తీయవచ్చు. సుద్ద పూస్తే అక్షరం ఆ పూటకు కనిపిస్తుంది, రాను రాను రాయి దెబ్బతింటుంది. ఈ చిన్న విషయం పిల్లలకు చెప్పినా ఎన్నో శాసనాలు బతుకుతాయి.

పని ఉన్నత పాఠశాలతోనే మొదలుపెట్టవచ్చు. మండలానికో బడి ముందుకొచ్చినా చాలు. తొమ్మిదో తరగతి పిల్లలు సోషల్ మాస్టారితోనో, తెలుగు టీచరుతోనో కలిసి ఏడాదిలో తమ ఊరి కైఫియత్తు రాస్తారు. చెరువులు, తూములు, పాత రేవులు, వీధుల పాత పేర్లు, వలస వెళ్ళినవాళ్ళు, వలస వచ్చినవాళ్ళు, ఆగిపోయిన కులవృత్తులు, ఇంకా నడుస్తున్నవి, ఊరిపాటలు, ఉప్పెనలు, కరువులు. మార్కులతో ముడిపెడితే పని చెడుతుంది. ఒకరిది చూసి ఒకరు రాసేస్తారు. పుస్తకం మీద పిల్లల పేర్లు అచ్చవుతాయని చెబితే చాలు, వాళ్ళే పరిగెడతారు. దగ్గర్లోని కళాశాల చరిత్ర శాఖవారు ఆధారాలు సరిచూడాలి. ఊరి పెద్దకులాల కథే ఊరి కథ అయిపోకుండా చూసే బాధ్యత కూడా వాళ్ళదే. పాత కైఫియత్తుల్లో మాలపల్లె లేదు, చాకలిరేవు లేదు, ఆడవాళ్ళు చెప్పిన మాట దాదాపుగా లేదు. ఈసారి ఆ లోటు ఉండకూడదు. శ్రీకాకుళం యాసలో చెప్పినదాన్ని శ్రీకాకుళం యాసలోనే ఉంచాలి. సీమ మాటను సీమ మాటగానే అచ్చువేయాలి.

తెలుగు నేల మీద ఇంతకన్నా పెద్ద పనే జరిగింది. నాగార్జునసాగర్ నీళ్ళు రాబోతున్నాయని తెలిసి, 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయలో పురావస్తు శాఖ పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపింది. ముఖ్యమైన కట్టడాలను కొండమీదికి, అనుపుకు తరలించి మళ్ళీ నిలబెట్టారు. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన పేద దేశం, తిండికీ నీళ్ళకీ కటకటలాడుతున్న రోజుల్లో అంత శ్రద్ధ పెట్టింది.

ఇప్పుడు అంతకంటే తొందరపడాల్సిన చోటు గోదావరి గట్టు. పోలవరం ప్రాజెక్టు ముంపులోకి వెళ్ళే ఊళ్ళలో కోయలు, కొండరెడ్లు, తరాలుగా నది మీద బతికిన ఎన్నో కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళలో చాలామంది ఇప్పటికే ఊళ్ళు విడిచి పునరావాస కాలనీలకు చేరారు. వాళ్ళ ఊళ్ళకు బౌద్ధ స్తూపాలో అశోక శాసనాలో లేకపోవచ్చు. కానీ ఏ రేవులో ఏ నెలలో ఏ చేప పడుతుందో, ఏ కొండకు ఏ పండగ చేస్తారో, వరద ఏ చెట్టు దాకా వస్తే ఇళ్ళు ఖాళీ చేయాలో ఆ కాలనీల్లోని పెద్దలకు తెలుసు. కైఫియత్తులు రాసే పని వాళ్ళ దగ్గరే మొదలుపెట్టాలి. ఆ పెద్దల్లో చాలామందికి డెబ్బై ఏళ్ళు దాటాయి. విద్యాశాఖ, గిరిజన సంక్షేమ శాఖ కలిసి వచ్చే వేసవి సెలవుల్లోపే చుట్టుపక్కల ఆశ్రమ పాఠశాలల పిల్లలను, టీచర్లను ఆ కాలనీలకు పంపించాలి.